నాలుగు గొంతులు, ఒక బేస్ గిటార్

బాబూ, చిన్నవాడివని నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. కావలిలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదివే మీరు ముగ్గురు. ఒకరు బేస్ గిటార్, ఒకరు లీడ్, ఇంకొకరు లాప్‌టాప్‌లో డ్రమ్స్. గాథిక్ రాక్, అంటే చీకటి, దిగులు, చావు చుట్టూ తిరిగే రాక్, ఆ ట్యూన్లు ఎనిమిది సిద్ధంగా ఉన్నాయి, మీలో పాడేవాళ్ళు లేరు. నలుగురు అమ్మాయిలు గెస్టులుగా పాడతామన్నారు: సంగీతం నేర్చుకున్న మీ పెద్దమ్మ కూతురు, ఒంగోలులో చర్చి క్వయిర్ అమ్మాయి, నెల్లూరులో పెళ్ళి ఆర్కెస్ట్రాలో పాడే ఆవిడ, ఇంకా మీ కాలేజీ జూనియర్. ఆ జూనియర్‌ది మగగొంతని అందరూ ఎగతాళి చేస్తారని రాశావు. 'నాలుగు గొంతులు నాలుగు దారులు, ఆల్బమ్ ఒకటిగా ఎలా వినపడుతుంది? గొంతుకు గది మోత కలిపే రివర్బ్ బాగా పెడితే కలిసిపోతుందా? తెలుగు దీనికి అతుకుతుందా? చేతిలో ముప్పై వేలే ఉన్నాయి' అన్నావు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒంగోలులో చర్చి క్వయిర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడుతూ పెరిగాను. పెళ్ళికి ముందు ఆరేళ్ళు మద్రాసులో కోరస్ పాడాను. ఇప్పుడు ఒంగోలులోనే చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. మద్రాసులో ఉన్నప్పుడు ఒక సౌండ్ ఇంజినీరు సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే గాథిక్ బ్యాండ్ వాళ్ళ 'ఫ్లడ్‌లాండ్' క్యాసెట్ చేతిలో పెట్టి, నీకు నచ్చుతుందన్నాడు. 1987లో వచ్చిన ఆల్బమ్ అది. అందులో ఒక పెద్ద పాటకు న్యూయార్క్ కోరల్ సొసైటీ వాళ్ళు నలభై మంది కోరస్ పాడారు. మా ఈస్టర్ క్వయిర్‌ను తెచ్చి రాక్ పాటలో కూర్చోబెట్టారేంటని నవ్వుకున్నాను. ఆ క్యాసెట్ సాగిపోయేదాకా విన్నాను.

రివర్బ్ సంగతి ముందు తేల్చేద్దాం. రివర్బ్ వల్ల నాలుగు గొంతులు ఒకటి కావు, నాలుగూ ఒకే తీరుగా మసకబారుతాయి. గొంతులను కలపడం నీ పని కానే కాదు. కలిపి ఉంచాల్సింది కిందనున్న వాయిద్యం, అంటే బేస్, డ్రమ్ము, గది. ఈ మూడూ ఎనిమిది పాటల్లోనూ ఒక్కటే అయితే, పైన ఎవరు పాడినా వినేవాడికి అదే ఇల్లు అనిపిస్తుంది. చీమకుర్తి నల్లరాయి చూసే ఉంటావుగా, గెలాక్సీ అంటారు. రాయంతా నలుపే, అందులో బంగారు చుక్కలు ఒక్కొక్కటి ఒక్కో చోట మెరుస్తాయి. ఆ చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే వరసలో ఉంటే దాన్ని ఎవడూ కొనడు.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. ఈ పద్ధతికి పెద్దదిక్కు దిస్ మార్టల్ కాయిల్. అది బ్యాండ్ కాదు. లండన్‌లో ఫోర్ ఏడీ అనే రికార్డు కంపెనీ నడిపిన ఐవో వాట్స్-రస్సెల్, తన దగ్గరున్న బ్యాండ్లలోంచి ఒక్కొక్కరిని పిలిచి పాడించిన ప్రాజెక్టు. 1984లో మొదటి ఆల్బమ్, 1986లో రెండోది, 1991లో మూడోది వచ్చాయి. మొదటిదాంట్లో కాక్టో ట్విన్స్ ఎలిజబెత్ ఫ్రేజర్ ఉంది, డెడ్ కెన్ డాన్స్ లీసా జెరార్డ్ ఉంది, మగగొంతులూ ఉన్నాయి. మూడోదానికి వచ్చేసరికి కెరొలైన్ క్రాలీ, హైడీ బెర్రీ, కిమ్ డీల్, టాన్యా డానెలీ ఇలా ఎక్కువగా ఆడవాళ్ళే. ఫ్రేజర్ గొంతుకూ జెరార్డ్ గొంతుకూ పోలికే లేదు. ఒకటి గాలిపటంలా పైన ఆడుతుంది, ఇంకొకటి బావిలోంచి వస్తుంది. జెరార్డ్ గొంతు నువ్వూ విన్నావు, 'గ్లాడియేటర్' సినిమాలో మాటల్లేకుండా వినపడేది ఆవిడే. అయినా ఆ మొదటి ఆల్బమ్ ఒకే రాత్రిలో విన్న కలలా ఉంటుంది. పాటల మధ్య అక్కడక్కడా మాటల్లేని వాయిద్యపు ముక్కలు పెట్టి కుట్టేశారు. నిర్మాణంలో ఐవోతో జాన్ ఫ్రైయర్ అనే ఒకే ఇంజినీరు కూర్చున్నాడు. రికార్డు చేసిన బ్లాక్‌వింగ్ స్టూడియో కూడా ఒకప్పటి చర్చి భవనమే.

అందులో అందరికీ తెలిసిన పాట ఫ్రేజర్ పాడింది. టిమ్ బక్లీ పాత పాటను 1983లో ఆవిడ మళ్ళీ పాడింది. ముందు వాయిద్యమే లేకుండా వట్టి గొంతుతో చేద్దామనుకున్నారు. అది కుదరక చివరికి రాబిన్ గూత్రీ గిటార్ ఒక్కటే పెట్టారు. ఒక గొంతు, ఒక గిటార్, చుట్టూ చీకటి. బ్రిటన్ ఇండీ చార్టులో ఆ సింగిల్ 101 వారాలు ఉంది. నీ దగ్గరున్న ఎనిమిది ట్యూన్లలో ఒక్కదానికైనా డ్రమ్ములు తీసేసి చూడు. మీ డ్రమ్ముల అబ్బాయికి కోపం వస్తే నా మీదకు తోసెయ్.

నీ ప్లానుకు ఇంకా దగ్గరైంది ది ఈడెన్ హౌస్. ఫీల్డ్స్ ఆఫ్ ది నెఫిలిమ్ అని స్టీవెనేజ్ ఊరి బ్యాండ్ ఉండేది. దుమ్ములో నడిచొచ్చిన వాళ్ళలా కనపడాలని ఒంటినిండా మైదా చల్లుకుని స్టేజి ఎక్కేవాళ్ళు. మన వీధి నాటకం వాళ్ళు ముఖానికి పొడి పూసుకున్నట్టే అనుకో. ఆ బ్యాండ్‌లో బేస్ వాయించిన టోనీ పెటిట్, గిటారిస్టు స్టీఫెన్ కేరీ కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2009లో 'స్మోక్ అండ్ మిర్రర్స్' ఆల్బమ్ వచ్చింది. ఈవీ వైన్, మోనికా రిచర్డ్స్, జూలియాన్ రీగన్, అమాండీన్ ఫెరారీ అందరూ పాడారు. అది వినేటప్పుడు గొంతుల్ని వదిలేసి బేస్ ఒక్కదాన్నే వెంబడించు. మొదటి పాట నుంచి చివరి దాకా ఒకే మనిషి నడక వినపడుతుంది, గుండ్రంగా, తొందర లేకుండా. మీ బేస్ అబ్బాయికి ఆ బాధ్యత తెలియాలి. ఆల్బమ్‌కు హీరో అతనే, పోస్టరు మీద మాత్రం అమ్మాయిలుంటారు. ఒప్పుకోగలడా అని ముందే అడుగు.

ఇంకో ఉదాహరణ, గెస్టు అంటే ఏమిటో అర్థం కావడానికి. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ 1983లో చేసిన ఒక పాటను 1992లో మళ్ళీ రికార్డు చేశారు. ఈసారి ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హాజాను పిలిచారు. ఆవిడది యెమెన్ నుంచి వచ్చిన యూదు కుటుంబం, ఆ సంప్రదాయంలో పెరిగిన గొంతు. బ్యాండ్ గాయకుడు ఆండ్రూ ఎల్‌డ్రిచ్ కింద గొణుగుతున్నట్టు పాడుతుంటే, పైన ఆవిడ తన ఊరి పద్ధతిలోనే ఎలుగెత్తింది. ఎల్‌డ్రిచ్‌లా పాడమని ఎవరూ అడగలేదు. బ్రిటన్ చార్టులో 3వ స్థానానికి వెళ్ళింది ఆ పాట. గెస్టును పిలిచేది తన గొంతు తెచ్చుకుంటుందనే. వచ్చాక మన గొంతులో పాడమంటే పిలవడం దేనికి? చుట్టపుచూపుగా వచ్చి పల్లవి దగ్గర రెండు 'ఆ'లు అని పోయేదానికి గెస్టు అని పేరు పెట్టకు, దాన్ని మేం కోరస్ అంటాం.

ఇక మీ నలుగురి సంగతి.

ఆర్కెస్ట్రా ఆవిడతో నీకు ఇబ్బంది ఉండదు. మైకు దూరం, టేకు, ట్రాక్ అన్నీ తెలిసిన మనిషి. ఒక్కటే చెప్పు, ప్రేక్షకుల్ని నవ్వుతూ చూసినట్టు పాడొద్దని. క్వయిర్ అమ్మాయికి తనొక్కతే పాడటం కొత్త కాబట్టి భయపడుతుంది. మొదట నాలుగైదు లేయర్లు తనచేతే పాడించి ఆ గుంపులో తనని వినిపించు, ధైర్యం వస్తుంది.

మీ పెద్దమ్మ కూతురి దగ్గరే అసలు చిక్కుంది. నువ్వు ట్యూన్ కట్టింది ఈ మైనర్‌లో, అంటే మూడు శ్రుతి. ఆ అమ్మాయి ఇంట్లో పాడేది ఐదు శ్రుతి అన్నావు. ట్యూన్ నీ గిటార్‌కు అనువుగా ఉందని ఆ అమ్మాయిని కిందకు లాగకు. గిటార్‌కు మూడో ఫ్రెట్ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే కేపో క్లిప్పు పెట్టు, ఐదుకు వచ్చేస్తావు. ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపడం. మామూలు మైనర్ స్కేలు మన నఠభైరవి రాగం, నీ మూడో ట్యూన్‌లో రిషభం తగ్గించావు కాబట్టి అది తోడి వైపు పోయింది. ఆ అమ్మాయికి చేతిలో ఉన్న రాగమే. కానీ తోడిలో గాంధారాన్ని ఊపకుండా పాడరు. నీ గిటార్ మూడు స్వరాలు కలిపి మైనర్ కార్డు కొట్టిందంటే అదే గాంధారాన్ని కదలకుండా నిలబెడుతుంది. ఒకే స్వరం ఒకచోట ఊగుతూ, ఒకచోట కొయ్యలా నిలబడితే వినేవాడికి ఎక్కడో ఏదో తేడా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేడు. అప్పుడు అందరూ అమ్మాయి అపశ్రుతి పాడిందంటారు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ పాటకు కార్డులోంచి గాంధారం తీసేసి షడ్జం, పంచమం మాత్రం వాయించు. మీరు పవర్ కార్డు అంటారుగా, అదే. బేస్ షడ్జం మీద తంబురాలాగా ఉండిపోనీ. గాంధారం మొత్తం ఆ అమ్మాయికి వదిలెయ్.

మీ జూనియర్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఎందుకంటే నాదీ అదే గొంతు. చిన్నప్పుడు ఫోనెత్తితే 'బాబూ, నాన్నగారున్నారా' అనేవాళ్ళు. మన సినిమా పాటల్లో ఆడగొంతంటే పైస్థాయిలో సన్నగా ఉండాలని చెవులకు అలవాటైపోయింది. మగవాడు పాడిన ట్యూన్‌నే ఒక స్థాయి పైకెత్తి ఆడవాళ్ళచేత పాడిస్తారు. గాథిక్ రాక్‌లో ఆ లెక్క చెల్లదు. సూక్సీ అండ్ ది బాన్‌షీస్ అనే బ్యాండ్ వాళ్ళ 1981 ఆల్బమ్ 'జూజూ' విను. సూక్సీ గొంతు కిందనే నడుస్తుంది, గద్దించినట్టు ఉంటుంది. ఆవిడ సంగీతం నేర్చుకుని వచ్చిన మనిషీ కాదు. 1976లో లండన్‌లో మొదటిసారి స్టేజి ఎక్కినప్పుడు ఒక్క పాట కూడా సాధన చేసి రాలేదు. పరలోక ప్రార్థన అందుకుని, దాని చుట్టూ ఇరవై నిమిషాలు ఏదో ఒకటి లాగించారు. ఈ ముక్క మా పాస్టరు గారికి నేనింతవరకు చెప్పలేదు.

ఆ అమ్మాయికి సా మామూలుగా ఆడవాళ్ళు పెట్టుకునే చోటే పెట్టు. ట్యూన్‌ను మాత్రం మధ్య స్థాయి పంచమం దాటించకు. కింద మంద్ర పంచమం దాకా దిగనివ్వు. దిగేకొద్దీ శబ్దం తగ్గుతుంది కాబట్టి అక్కడ గిటార్ పక్కకు జరగాలి, అమ్మాయిని గట్టిగా పాడమనకూడదు. రెండు పాటలివ్వు. ఆల్బమ్ మొదటి పాట ఇవ్వకు, వినేవాళ్ళ ఎగతాళి ముందు పడుతుంది. మూడోదీ, చివరిదీ ఇవ్వు.

తెలుగు అతుకుతుందా అన్నావు. ఇంగ్లీషు కంటే బాగా అతుకుతుంది, ఒక్క చోట తప్ప. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. పాదం చివర గొంతు వదిలేస్తే ఆ అచ్చే రివర్బ్‌లోకి జారి సాగుతుంది. ఇంగ్లీషువాడికి ఆ సుఖం లేదు, చాలా మాటల చివర హల్లు వచ్చి తలుపేస్తుంది. పాదాలు చిన్నవిగా రాయి, చివర దీర్ఘం వచ్చేలా చూడు, సగం పని అయిపోయినట్టే. తప్పేది ఎక్కడంటే ద్విత్వాక్షరాల దగ్గర. 'గుడి'కీ 'గుడ్డి'కీ తేడా మధ్యలో ఒక్క క్షణం నిశ్శబ్దమే. పొడుగు రివర్బ్ వేశావంటే ఆ నిశ్శబ్దం పూడిపోతుంది. ఒక కుర్రాడు నా గదిలో 'గుడ్డి వెలుగు' అని పాట చేశాడు. మిక్స్ అయ్యాక వాళ్ళమ్మకు వినిపిస్తే, గుడి వెలుగు మీద భక్తి పాట చేశావా నాయనా అని సంతోషపడింది.

దానికి మందుంది. రివర్బ్ గొంతుతో పాటే మొదలవకుండా కొంచెం ఆలస్యంగా మొదలయ్యేలా పెట్టు, ప్రీ-డిలే అని ఉంటుంది. నీ పాట నిమిషానికి 120 బీట్లయితే ఒక బీటు 500 మిల్లీసెకన్లు. దాంట్లో ఎనిమిదో వంతు, అంటే 60 చిల్లర, దగ్గర మొదలుపెట్టి చెవితో జరుపుకో. రివర్బ్ ట్రాక్‌లో కిందనున్న బరువు 300 హెర్ట్జ్ దాకా కోసెయ్, పైన బుసలు కూడా తగ్గించు. స, శ, ష రివర్బ్‌లో పడితే పాము లేచినట్టుంటుంది. నలుగురూ కలిసి పాడే చోట మా క్వయిర్ చిట్కా ఒకటి వాడు. పదంలో 'స' వస్తే ఒక్కరే పలకాలి, మిగతా ముగ్గురూ దాన్ని మింగేసి అచ్చు మాత్రం పాడాలి. వినేవాడికి తేడా తెలియదు, మిక్స్ చేసేవాడికి ప్రాణం లేచొస్తుంది.

భాష కంటే నన్ను కలవరపెట్టింది నువ్వు పంపిన సాహిత్యం. గబ్బిలాలు, సమాధులు, కోటలో రక్తం, నల్ల గులాబీలు. నాయనా, కావలిలో నల్ల గులాబీ ఎక్కడ చూశావు? బౌహౌస్ అనే ఇంగ్లీషు బ్యాండ్ వాళ్ళు 1979లో తొమ్మిది నిమిషాలు దాటిన తమ మొదటి పాటలో డ్రాక్యులా వేషం కట్టిన నటుణ్ణి తలుచుకున్నారంటే, అది వాళ్ళు చిన్నప్పటి నుంచి చూసిన సినిమా. మన చీకటి మనకుంది. కోటే కావాలంటే ఉదయగిరి కొండ మీద పాడుబడింది ఒకటుంది, వెళ్ళి ఒక పూట కూర్చో. కొత్తపట్నం ఒడ్డున తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి వేటకెళ్ళిన పడవ కోసం నిలబడే ఆడవాళ్ళున్నారు. పంట గిట్టుబాటు కాని ఏడు పొగాకు రైతు ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకుండా అన్నం తినడం ఉంది.

అన్నిటికంటే పెద్దది మన ఆడవాళ్ళ ఏడుపు. చావింట్లో రాగాలు తీసి ఏడవడం నువ్వు వినే ఉంటావు. ఈమధ్య తగ్గిపోయింది గానీ, మా నాయనమ్మ పోయినప్పుడు మా మేనత్తలు ముగ్గురు మూడు రోజులు ఏడ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో వరస. పోయినావిడ ఏం వండేది, ఎవరికి ఏం పెట్టింది, ఎవరితో మాట పడింది, అంతా ఆ రాగంలోనే. మాట పైన మొదలై మెట్లు దిగుతూ వచ్చి, చివర ఊపిరి అయిపోయేదాకా సాగి, ఎక్కిళ్ళలో తెగుతుంది. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. నలుగురు ఆడవాళ్ళు గెస్టులుగా పాడే గాథిక్ ఆల్బమ్‌కు ఇంతకంటే దగ్గరి బంధువు నాకు కనపడలేదు. దిగే ఆ నడకను నేర్చుకో, వాక్యం తెగే చోటు చూడు. అంతవరకే. ఒకతను ఎవరింట్లోనో చావు దగ్గర ఫోనులో తీసిన ఏడుపును పాటలో పెడతానని నా దగ్గరకు తెచ్చాడు, గది తలుపు తీసి పంపించేశాను. నీకూ అదే చెబుతున్నాను.

డబ్బు. ముప్పై వేలంటే తక్కువేం కాదు, మైకు మీద తగలేయకుండా ఉంటే. షూర్ ఎస్‌ఎం58 లాంటి స్టేజి మైకు ఒకటి ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. నలుగురికీ అదే మైకు, అదే గది, అదే జానెడు దూరం. గొంతుకొక మైకు మార్చావో, పైన చెప్పిన ఒకే ఇల్లు అనే భావన పోతుంది. చీరల బీరువా తెరిచి దానికి ఎదురుగా మైకు పెట్టి, పాడే అమ్మాయి వెనకాల రెండు బొంతలు వేలాడదీయి. వీపు వెనక గోడ నుంచి వచ్చే శబ్దాన్ని అవి మింగేస్తాయి. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపావని గుర్తుండటానికి బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టుకో, లేకపోతే ఇంటికెళ్ళి మీ అమ్మచేత తిట్లు తింటావు.

లారీల శబ్దం లేకుండా అర్ధరాత్రి రికార్డు చేస్తానన్నావు. అమ్మాయిల్ని అర్ధరాత్రి రమ్మంటే వాళ్ళ ఇళ్ళలో ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమూ న్యాయమే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు నుంచి నాలుగు దాకా వీధి నిద్రపోతుంది. అప్పుడు పెట్టుకో. తోడు ఎవరైనా వస్తే కుర్చీ వెయ్, టీ ఇప్పించు.

కాగితం కూడా రాసుకోవాలి. ఎవరు ఏ పాట పాడారు, ఎంత ఇస్తున్నారు, ఆ పాట మీద తర్వాత డబ్బొస్తే వాటా ఎంత, పేరు ఎక్కడ వేస్తారు. ఒక్క పేజీ చాలు, ఇద్దరూ సంతకాలు పెట్టండి. 2012లో కాపీరైటు చట్టం సవరించాక పాడినవాళ్ళకు రాయల్టీ హక్కు స్పష్టంగా ఉంది, గానం మీద హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. స్నేహితులమే కదా అని వదిలెయ్యకు. 1996లో ఒక కంపెనీ భక్తి క్యాసెట్‌కు ఎనిమిది పాటల్లో కోరస్ పాడాను. ఒక పాటలో పల్లవి మొత్తం నాదే. క్యాసెట్ వచ్చాక లోపలి కాగితం నాలుగు మడతలూ విప్పి చూశాను. ఆటోలో హార్మోనియం తెచ్చినతనికి కృతజ్ఞతలున్నాయి, నా పేరు లేదు. ఇప్పటికీ ఊళ్ళో ఎక్కడో ఆ పాట మైకులో వినపడుతుంది. మా మనవరాలు నమ్మదు, నువ్వేనా నానమ్మా అంటుంది. కాబట్టి పాట పేరు పక్కనే ఆ అమ్మాయి పేరు రావాలి, కింద ఎక్కడో చిన్నక్షరాల్లో కాదు.

స్టేజి మాట కూడా అడిగావు, చిన్నగా చెబుతాను. నలుగురూ ఒకే రోజు ఖాళీగా ఉండటం జరిగే పని కాదు. ఇద్దరిని ఎంచుకుని ఎనిమిది పాటలూ నేర్పించు, శ్రుతులు వాళ్ళకు తగ్గట్టు మార్చు. మానిటర్ స్పీకరు పాడేవాళ్ళకు వినపడుతోందో లేదో నువ్వే వెళ్ళి నిలబడి చూడు. ఇందాక చెప్పిన జూలియాన్ రీగన్‌కు 1988లో ఏమైందో తెలుసా? ఆవిడ బ్యాండ్ ఆల్ అబౌట్ ఈవ్ బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్'కు వెళ్ళింది. రికార్డు ఇంటింటా టీవీల్లో మోగుతోంది, స్టేజి మీద కూర్చున్న ఆవిడకు మాత్రం ఏమీ వినపడలేదు. పాట మొదలైందనే తెలియక పెదవి కదపకుండా కూర్చుంది. దేశమంతా చూసింది.

చివరగా రివర్బ్. ఇంత తిట్టాను గానీ నాకూ ఇష్టమే. సాఫ్ట్‌వేర్ రివర్బ్ అందరి దగ్గరా ఉంది, నీకు మాత్రం అందరి దగ్గరా లేనిది ఒకటి చెబుతాను. పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడిపెట్టి ఆరబెట్టే గది, లోపలికి ఎప్పుడైనా వెళ్ళావా? పదహారడుగుల నలుచదరం, పైకి ఎత్తుగా, కిటికీల్లేని ఇటుక గది. లోపల పొగాకు కర్రలు ఆనించే దూలాలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి శబ్దం గోడ నుంచి గోడకు తిన్నగా కొట్టుకోదు, చెదిరి మెత్తబడి వస్తుంది. వెనకటి స్టూడియోల్లో ఎకో చాంబర్ అని ఖాళీ గది ఉంచుకునేవాళ్ళు. గదిలో ఒక మూల స్పీకరు పెట్టి గొంతు ట్రాక్ మోగించి, ఇంకో మూల మైకుతో పట్టేవాళ్ళు. బ్యారన్‌లో నేనదే చేస్తాను. నీ నలుగురి ట్రాకులూ, అవసరమైతే డ్రమ్ములో స్నేర్ కూడా, ఒకే బ్యారన్‌లో మోగించి పట్టి, అసలు ట్రాకుల కింద కొద్దికొద్దిగా కలుపు. అప్పుడు ఎనిమిది పాటలూ ఒకే గదిలో పుట్టినట్టుంటాయి. అమ్మాయిల్ని మాత్రం లోపల నిలబెట్టి పాడించకు, ఆ ఘాటుకు గొంతు పట్టేస్తుంది.

పొగాకు కాల్చే కాలం అయిపోయాక, వానలు పట్టకముందు బ్యారన్లు ఖాళీగా ఉంటాయి. టంగుటూరు వైపు తెలిసినవాళ్ళది ఒకటుంది, ఒక పూటకు అడిగి పెడతాను. స్పీకరు, పొడుగు వైరు మీరే తెచ్చుకోండి, అక్కడ కరెంటు మోటారు షెడ్డు దాకానే ఉంది. నూట యాభై అడుగులైనా పడుతుంది.